బంతి లేవని చోటు

ఛాంపియన్లతో ఆట ఖాయమైందని నోటీసు బోర్డు మీద పెట్టగానే కాలేజీలో ప్రతివాళ్ళూ జోస్యులైపోయారు. లెక్కల మేడం క్లాసులోనే అనేసింది: "సంభావ్యత సున్నాకి ఎంత దగ్గరగా పోగలదో చూడాలనుకున్నవాళ్ళు గురువారం మన హాలుకి వెళ్ళండి." క్యాంటీన్ బాబాయ్ "మనమ్మాయిలు గెలిస్తే ఆ రోజంతా టీ ఊరికే" అని సుద్దముక్కతో పలక మీద రాసిపెట్టాడు. ఎవరైనా ఆగి చదివితే, "ధైర్యంగానే రాశాలే, పాలు కూడా అదనంగా చెప్పలేదు" అని నవ్వేవాడు.

ఆ నవ్వులన్నీ కెప్టెన్ చెవిన పడుతూనే ఉన్నాయి. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. తండ్రి లారీ తోలుతూ వారానికోసారి ఇల్లు చేరేవాడు, తల్లి బట్టలు కుట్టేది. ఆమెకి సీటు వచ్చిందీ, అది నిలబడిందీ బాస్కెట్‌బాల్ వల్లే. ఆ బంతిని చేతికిచ్చింది కోచ్. కోచ్ పరాయివాడేం కాదు, తల్లికి తోడబుట్టిన తమ్ముడు. కోర్టులో 'సార్', బయటికొస్తే 'మావయ్య'. ఆయన కూతురు కూడా జట్టులోనే ఉంది. అందరికన్నా పొట్టిది, అందరికన్నా ఉడుకు రక్తం. ఉన్నచోట క్షణం ఉండదు కాబట్టి 'మిడత' అని పేరు పడింది. కోర్టులోనూ కెప్టెన్‌ని 'వదినా' అనే పిలిచేది. "ఆటలో వరసలేంటే?" అని తండ్రి కసిరితే, "దానికీ ఫౌల్ ఉందా సార్?" అనేది.

ఏటా మొదటి ఆటలోనే ఇంటికి పోయే జట్టు అది. ఈసారి మాత్రం సొంత హాలులో వరసగా రెండు గెలిచింది. గుడ్డి అదృష్టం అన్నారు బయటివాళ్ళు. జట్టులో పిల్లలు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకున్నారు. వాళ్ళ అదృష్టానికి ఒక చిరునామా ఉంది.

హాలులో నేలంతా పాతకాలపు చెక్క. ఎడమవైపు గీతకి కాస్త లోపలగా, మధ్యగీత దాటీ దాటగానే, ఒకచోట బంతి లేవదు. ఎంత గట్టిగా కొట్టినా మోకాలి దాకా వచ్చి చచ్చినట్టు పడిపోతుంది. పైకి చూస్తే ఏ తేడా కనబడదు, అదే పాలిష్, అదే మెరుపు. కొత్తగా వచ్చినవాళ్ళు పరుగు మీద బంతిని కొట్టుకుంటూ అక్కడికొస్తే, చెయ్యి ఒకచోట ఉంటుంది, బంతి ఒకచోట ఉంటుంది. వెనకాలే కాచుకున్న మిడత దాన్ని ఎత్తుకుపోతుంది. అందుకని ప్రత్యర్థుల్ని కుడివైపు నుంచి తరిమి తరిమి అక్కడికి తోలడమే వీళ్ళ విద్య. ఆ చోటుకి 'అత్తారిల్లు' అని పేరు పెట్టారు, వెళ్ళినవాళ్ళ నోరు లేవదు కాబట్టి. ఆట మధ్యలో మిడత "అత్తారింటికి!" అని అరిస్తే అవతలివాళ్ళకి ఏదో ఆడపిల్లల పరాచికం అనిపించేది.

ఈ సంగతి కాలేజీలో మరెవరికీ చెప్పకూడదని ఒట్టు. చెబితే మరమ్మతు చేస్తారు. మరమ్మతు చేస్తే ఇంకేం మిగుల్తుంది?

సోమవారం ప్రాక్టీసులో కెప్టెన్ బంతి కొట్టుకుంటూ ఆ చోటు పక్కనుంచి, ఎప్పుడూ వెళ్ళే దారినే, వంపు తిరిగింది. బంతి లేవలేదు. దారి తప్పానేమో అనుకుని వెనక్కొచ్చి మళ్ళీ కొట్టింది. మళ్ళీ లేవలేదు. ఇంకో అడుగు బయటికి వేసి కొట్టింది. అక్కడా అంతే. చెక్క పలికే చప్పుడు కూడా మారిపోయింది. ఇదివరకు టక్కుమనేది, ఇప్పుడు తడిసిన పరుపు మీద గుద్దినట్టుంది.

"ఏంటి వదినా, అక్కడ ముగ్గేస్తున్నావా?" అంది మిడత.

"ఇది పెరిగిందే."

మిడత వచ్చి, మడమతో నాలుగు దెబ్బలు వేసి చూసి, పకపకా నవ్వింది. "పెరగదా మరి? అత్తగారొక్కతే ఎన్నాళ్ళుంటుంది, ఆడపడుచులు కూడా దిగినట్టున్నారు. మంచిదేగా, వల పెద్దదైతే చేపలు ఎక్కువ పడతాయి."

మిగతా పిల్లలూ నవ్వారు. కెప్టెన్ కూడా నవ్వింది గానీ, అక్కణ్ణుంచి కదల్లేదు. ఆమె వంగి చెక్కల సందులో ముక్కు పెట్టి చూసింది. చాలాకాలం మూసి ఉంచిన పెట్టె తెరిస్తే వచ్చే వాసన.

బుధవారం పొద్దున టోర్నమెంటు తరఫున పెద్ద రిఫరీ హాలు చూడటానికి వచ్చాడు. ఆటకి ముందురోజు నేలా, బోర్డులూ, లైట్లూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం ఆయన పని. మర్యాదస్థుడు, బూట్లు గుమ్మంలోనే విప్పి మేజోళ్ళతో లోపలికొచ్చాడు. చంకలో బంతి. దాన్ని అక్కడక్కడా కొడుతూ నడుస్తాడు, ఎంత లేస్తుందో చూస్తాడు.

ఇలాంటి తనిఖీలకి జట్టు దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరూ నేర్పలేదు, వాళ్ళకి వాళ్ళే కల్పించుకున్నారు. వచ్చినాయన ఎడమవైపు తిరగబోయేసరికి ఇద్దరు ముగ్గురు చుట్టూ చేరి అనుమానాలు అడుగుతారు. కొత్త నిబంధనలో ఇది తప్పా, అది తప్పా అని. మాటల్లోనే ఆయన్ని ఆ చోటు పక్కనుంచి దాటించేస్తారు. ఆ రోజు మిడత ఆ పని వెన్నలో కత్తి దింపినంత సుతారంగా చేసింది. పెద్దాయన ఆడపిల్లల శ్రద్ధకి మురిసిపోయి, నిబంధనలన్నీ చేతులు తిప్పుతూ విడమరిచి చెప్పి, కుడివైపు గీత దగ్గర తేలాడు.

వెళ్ళేముందు కెప్టెన్ వైపు తిరిగి అడిగాడు. "ఆడేది మీరు కాబట్టి మిమ్మల్నే అడగాలమ్మా. నేలతో ఇబ్బందేం లేదు కదా?"

కోచ్ పక్కనే ఉన్నాడు. విజిల్ తాడు వేలికి చుట్టుకుంటున్నాడు.

"ఏం లేదండీ" అంది కెప్టెన్.

అబద్ధం ఆడటం ఆమెకి పెద్దగా చేతకాదు. ఆ రెండు ముక్కలూ అంత తేలిగ్గా ఎలా వచ్చాయో ఆమెకే అర్థం కాలేదు. ఆయన తల ఊపి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే, జనం బాగా వస్తారని, కింద గోడౌన్లో ఉన్న పాత బెంచీలు పైకి చేర్చమని కబురొచ్చింది. హాలు కిందే ఉంది గోడౌన్. మనిషి చెయ్యెత్తినా పైకప్పు అందదు. విరిగిన కుర్చీలూ, ఇనప రాక్‌లూ, పనికిరాని ప్రయోగశాల సామానూ గుట్టలుగా పడి ఉన్నాయి. పిల్లలు ముందువరస బెంచీలు మోసుకుపోయారు. కెప్టెన్ మూలనున్న ఒకదాని కోసం వెళ్ళి చెయ్యి వేస్తే, చెయ్యి తడిసింది. బెంచీ మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. చూస్తుండగానే పైనుంచి ఒక చుక్క పడింది.

తలెత్తింది. కిటికీలోంచి వచ్చే వెలుతురులో పైన దూలాలు కనబడ్డాయి. మిగతావన్నీ ఎండిన చెక్క రంగులో ఉన్నాయి. ఈ మూల మూడు మాత్రం నల్లగా, ఉబ్బి, అంచుల్లో తెల్లటి బూజుతో ఉన్నాయి. బట్టలు మార్చుకునే గదిలోంచి వచ్చే నీళ్ళ గొట్టం వాటి పక్కనుంచే పోతోంది. దాని అతుకు దగ్గర కట్టిన గుడ్డపీలిక ఏనాటిదో కుళ్ళి వేలాడుతోంది. ఆమె బెంచీ ఎక్కి, చేతిలో ఉన్న గోడౌన్ తాళంచెవిని దూలానికి ఆనించి కాస్త నొక్కింది. తాళంచెవి సబ్బులోకి దిగినట్టు దిగిపోయింది. బయటికి లాగితే దాంతోపాటు పిప్పి ఊడొచ్చి మొహం మీద రాలింది.

సరిగ్గా అప్పుడే పైన ఎవరో పరిగెత్తారు. మిడతే అయి ఉండాలి, ఆ పరుగు ఆమెకి తెలుసు. దూలం కదిలింది. కొంచెమే. నిద్రలో మనిషి అటు నుంచి ఇటు ఒత్తిగిలినట్టు.

ఆ చోటుకి సరిగ్గా కింద ఇనప రాక్‌లున్నాయి, మొనలు పైకి తిరిగి.

ఆమె పరుగున వెళ్ళి కోచ్ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన చాలాసేపు తల పైకెత్తి నిలబడిపోయాడు. భారీ మనిషి, పాత మోకాలి దెబ్బ వల్ల ఎక్కువసేపు నిలబడితే ఒక పక్కకి ఒరుగుతాడు. తరవాత తాళంచెవి తీసుకుని, బెంచీ ఎక్కి తానూ గుచ్చి చూశాడు. దానికి అంటిన పిప్పిని ప్యాంటుకి తుడిచి, దాన్ని జేబులో వేసుకున్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు మావయ్యా. ఇప్పుడు వెళ్ళి చెబుదాం. ఆ రిఫరీగారికి ఫోన్ చేద్దాం."

"చేస్తే?"

"ఆట ఆపుతారు."

"ఆపరు. వాళ్ళ కాలేజీకి మారుస్తారు. వాళ్ళ నేల మీద వాళ్ళతో." ఆయన నవ్వబోయి మానేశాడు. "ఇన్నేళ్ళు ఈ పిల్లలకీ ఆ పిల్లలకీ బంతి పట్టుకోవడం నేర్పాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, జనం చూసేదాకా వచ్చింది. ఈ దూలం నిన్నటిదాకా నిలబడింది కదా, ఇంకొక్క పూట నిలబడదా?"

"మిడత అక్కడే ఉంటుంది మావయ్యా. ప్రతిసారీ."

ఆ మాట ఆయనకి తగిలింది. "ఉండదు" అన్నాడు వెంటనే. "ఆట మార్చేస్తాను. రేపు అత్తారిల్లు లేదు, ఏమీ లేదు. అందర్నీ కుడివైపే తిప్పు, అటు ఎవర్నీ పోనివ్వకు. ఆట అవగానే నేనే వెళ్ళి ప్రిన్సిపాల్‌కి చెబుతా. నామీద ఒట్టు."

"వాళ్ళకి కారణం చెప్పొద్దా?"

"దానికి చెబితే ఊరికి చెప్పినట్టే. నా కూతురు సంగతి నాకు తెలీదా?"

ఆ సాయంత్రం ఇంట్లో తల్లి మిషను ముందు కూర్చుని జట్టు బనీన్ల మీద అంకెలు కుడుతోంది. కెప్టెన్ పక్కన కూర్చుని దారం అందిస్తోంది. నోటిదాకా వచ్చిన మాటని రెండుసార్లు మింగింది.

"మావయ్య ఏమన్నాడే?" అంది తల్లి.

"ఏ విషయంలో?"

"రేపటి గురించి. పొద్దున వాడు చొక్కా ఇస్త్రీ చేయించుకోవడానికి వచ్చాడు, నా తమ్ముడు! పెళ్ళినాడు కూడా నలిగిన చొక్కాతో కూర్చున్నవాడు." దారం పంటితో తెంపింది. "చిన్నప్పట్నుంచీ వాడికి ఏదీ కలిసిరాలేదే. మోకాలు పోయి ఆట పోయింది, మరదలు పోయి ఇల్లు బోసిపోయింది. రేపు ఒక్కరోజు వాడు తలెత్తుకు తిరిగితే చూడాలని ఉంది."

కెప్టెన్ తరవాతి బనీను అందించింది.

గురువారం హాలు కిటకిటలాడిపోయింది. బెంచీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. లెక్కల మేడం కూడా వచ్చింది, సున్నాని కళ్ళారా చూడటానికి కాబోలు. ఛాంపియన్లు వార్మప్‌కి దిగగానే జనంలో సద్దుమణిగింది. వాళ్ళ కెప్టెన్ ఎంత పొడుగంటే, 'నిచ్చెన' అని మిడత అక్కడికక్కడే పేరు పెట్టేసింది.

ఆటకి ముందు కోచ్ జట్టుని చుట్టూ నిలబెట్టి చెప్పాడు: కుడివైపే, ఎడమవైపు ఎవరూ పోవద్దు.

"అదేంటి సార్?" అంది మిడత. "బావిలో దిగమని తాడు కోసేస్తున్నారేంటి?"

"చెప్పింది చెయ్యి."

"వదినా, నువ్వైనా అడుగు."

"సార్ చెప్పినట్టు చెయ్యవే" అంది కెప్టెన్, ఆమె కళ్ళలోకి చూడకుండా.

మొదలైన కాసేపటికే తెలిసిపోయింది, అందరూ చెప్పిన లెక్క తప్పు కాదని. ఛాంపియన్లు గాలిలో ఆడుతున్నారు, వీళ్ళు నేల మీద పరిగెడుతున్నారు. కెప్టెన్ ఒంటరిగా రెండు ఆటలు ఆడుతోంది. ఒకటి బంతితో, రెండోది ఎవరి కాళ్ళు ఎటు పోతున్నాయో చూసుకుంటూ. నిచ్చెన ఎడమకి తిరగబోయినప్పుడల్లా అడ్డం పడి తోసింది. అలా ఒక ఫౌల్, ఇంకో ఫౌల్, చూస్తుండగా నాలుగు. ఐదోది పడితే బయటికే. "మీ కెప్టెన్‌కేమైంది, కళ్ళు మూసుకుని గుద్దుతోంది?" అని బెంచీల్లోంచి ఎవరో అరిచారు.

మూడో భాగం అయ్యేసరికి చాలా వెనకబడిపోయారు. నాలుగో భాగంలో మిడత ఓపిక నశించింది.

"అత్తారింటికి!" అని అరిచింది.

మిగతా పిల్లల్లో ఇద్దరు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచారు. బంతి పట్టుకున్న అమ్మాయిని మూడువైపులా మూసి ఎడమకి తోలారు. బంతి కొట్టింది, లేవలేదు. మిడత ఎత్తుకుపోయి వేసేసింది. హాలు అదిరింది. ఆ కేకల్లో ఇంకో చప్పుడు ఎవరికీ వినబడలేదు, కెప్టెన్‌కి తప్ప. పొడి కట్టె కాదు, తడి కట్టె విరిగితే వచ్చే చప్పుడు.

ఆమె కోచ్ వైపు చూసి రెండు చేతులూ అడ్డంగా ఊపింది, ఆట ఆపమన్నట్టు. టైమ్ అవుట్ అడగాల్సింది ఆయనే. ఆయన స్కోరుబోర్డు చూస్తున్నాడు.

మళ్ళీ అదే పన్నాగం, మళ్ళీ బంతి దొరికింది. మళ్ళీ. జనం ఇప్పుడు మిడతతో పాటే అరుస్తున్నారు, అర్థం తెలియకపోయినా: "అత్తారింటికి! అత్తారింటికి!" నేలని కాళ్ళతో దడదడలాడిస్తున్నారు. ప్రతి దెబ్బకీ ఆ మూల చెక్కల మధ్య గీతలు కొంచెం కొంచెం విడిపోతున్నాయి. చూడటం తెలిసినవాళ్ళకి కనబడుతోంది. తేడా కరిగి కరిగి, చివరికి స్కోరుబోర్డు మీద వీళ్ళ అంకె ఒకటి ఎక్కువ చూపించింది. లెక్కల మేడం బెంచీ ఎక్కి నిలబడింది.

అప్పుడు నిచ్చెన తానే బంతి తీసుకుని వచ్చింది. మిడత ముందు, నిచ్చెన వెనక, ఇంకో ఇద్దరు పక్కల నుంచి, నలుగురూ ఒకేసారి ఆ చోటు మీదకి. కెప్టెన్ దూరాన ఉంది. అరిస్తే వినబడదు. పరిగెత్తి నిచ్చెన నడుము రెండు చేతులా వాటేసుకుని, ఒంటి బరువంతా వేసి వెనక్కి పడిపోయింది. ఇద్దరూ దొర్లారు. విజిల్ మోగింది.

ఐదో ఫౌల్.

"పిచ్చా నీకు?" అంది నిచ్చెన, మోచెయ్యి రుద్దుకుంటూ.

"అటు పోవద్దు. ఆ నేల కుళ్ళిపోయింది. కింద ఏమీ లేదు."

నిచ్చెన తిట్టడం ఆపి తన కాలి వైపు చూసుకుంది. "ఇందాక నా కాలు దిగింది" అంది నెమ్మదిగా. "నేనే తడబడ్డాననుకున్నాను."

పెద్ద రిఫరీ కెప్టెన్‌ని బయటికి పొమ్మని చెయ్యి చూపించి, బంతిని గీత బయట ఇవ్వడానికి నడిచాడు. ఆ బంతి ఇవ్వాల్సింది సరిగ్గా ఆ మూలనే. అందరూ అక్కడే చేరుతున్నారు. కెప్టెన్ బెంచీకి పోకుండా ఆయన ముందుకెళ్ళి నిలబడింది.

"సార్, ఇక్కడ ఆడించకండి. కింద దూలాలు కుళ్ళాయి. నేను చూశాను."

"నిన్న నేను అడిగితే ఏం చెప్పావమ్మా?"

"అబద్ధం చెప్పాను."

ఆయన మొహంలో మర్యాద అంతా పోయింది. "ఫౌల్ ఔట్ అయ్యాక గుర్తొచ్చిందా?" అని, కోచ్ వైపు తిరిగాడు. "ఏమండీ, మీ కెప్టెన్ అంటున్నది నిజమేనా?"

కోచ్ లేచాడు. ఇస్త్రీ చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. స్కోరుబోర్డు వైపు చూశాడు, మేనకోడలి వైపు చూశాడు.

"చిన్నపిల్లండీ" అన్నాడు. "ఓడిపోతామేమోనని కంగారు పడుతోంది."

కెప్టెన్ ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. తనకి బంతి ఇచ్చిన మనిషి ఈయనేనా అన్నట్టు.

"అబద్ధం కాదు సార్" అంది నిచ్చెన వెనకనుంచి. "నా కాలు దిగింది. మేం ఇక్కడ ఆడం."

ఛాంపియన్ల కెప్టెనే ఆ మాట అనేసరికి రిఫరీకి వేరే దారి లేకపోయింది. రెండు చేతులూ ఎత్తి ఆట ఆపేశాడు. జనానికి ఇవేమీ వినబడలేదు. వాళ్ళకి కనబడింది ఒక్కటే: తమ జట్టు ఒక పాయింటు ముందుంది, ఛాంపియన్లు ఏదో అన్నారు, ఆట ఆగిపోయింది.

"మోసం!" అని ఎవరో అరిచారు. ఇంకొకరు అందుకున్నారు. ముందువరస బెంచీ దొర్లింది. ఆ తరవాత ఎవరు ముందు దిగారో ఎవరూ చెప్పలేరు. గట్టు తెగినట్టు నాలుగువైపుల నుంచీ కోర్టు మీదకి దిగేశారు, పిడికిళ్ళు ఊపుతూ, ఎగురుతూ.

"రావద్దు! రావద్దు!" కెప్టెన్ చేతులు చాపి అరిచింది. ఆమె గొంతు ఆమెకే వినబడలేదు.

మిడత ఆ చోటు మధ్యలో నిలబడి ఉంది. కారణం తెలీక, కోపం ఎవరి మీద చూపాలో తెలీక, నడుం మీద చేతులు పెట్టుకుని. "మనం గెలిచే ఆటని నువ్వే ఆపించావా వదినా?" అంటోంది. ఆమె వెనకాలే జనం వస్తున్నారు.

కోచ్ పరిగెత్తాడు. ఆ మోకాలితో ఆయన పరిగెత్తగలడని ఎవరూ అనుకోలేదు. తెలీనివాడు పరిగెత్తే పరుగు కాదది. అందరికన్నా బాగా తెలిసినవాడి పరుగు. కూతుర్ని రెండు చేతులా ఎత్తి విసిరినట్టు కెప్టెన్ మీదకి తోశాడు. వెనక్కి తిరిగి, జనానికి ఎదురుగా చేతులు చాపి, "ఆగండి! ఇది పోతుంది!" అని అరిచాడు. ఆ గొంతు వినగానే మైదానంలో బారులు తీరడం ఏళ్ళ తరబడి అలవాటేమో, ముందువరస పిల్లలు నిజంగానే ఆగారు.

నేల ఆగలేదు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. చెక్కలు లోపలికి ముడుచుకున్నట్టయి, ఆయన నడుము దాకా దిగిపోయాడు, తరవాత ఛాతీ దాకా. మోచేతులు అంచున పట్టుకుని వేలాడుతున్నాడు. విరిగిన చెక్క అంచు పక్కటెముకల్లోకి దిగి, తెల్ల చొక్కా మీద ఎరుపు పాకుతోంది.

జనం వెనక్కి తగ్గారు. కెప్టెన్ బోర్లా పడుకుని, పొట్ట మీద పాకుతూ ముందుకెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుంది. ఆమె మడమల్ని మిడత పట్టుకుంది, మిడత నడుముని నిచ్చెన పట్టుకుంది.

"వెనక్కి పో అమ్మడూ" అన్నాడు ఆయన. మాటతో పాటు ఊపిరి కూడా పోతున్నట్టుంది. "నీ కింద కూడా అదే ఉంది."

"తెలుసు మావయ్యా."

"దాన్ని కూడా లాక్కుపో. ఇద్దరూ పోండి."

"నాన్నా!" అంది మిడత వెనకనుంచి. "కింద ఏముంది? నాన్నా, కింద ఏముందో చెప్పు!"

ఆయన కెప్టెన్ కళ్ళలోకి చూశాడు. ఆయన కాళ్ళ కింద ఏ మొనలు ఎటు తిరిగి ఉన్నాయో వాళ్ళిద్దరికే తెలుసు.

"అక్కకి నేను చెబుతాలే" అన్నాడు ఆయన. "నా తప్పేనని. నువ్వేం మాట్లాడకు."

"నేనే చెబుతాను. రిఫరీకి ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో, అంతా. నువ్వు చెయ్యి జార్చకు, చాలు."

రిఫరీ ఎవరినో తాడు తెమ్మని, ఎవరినో కింది గది తలుపు తెరవమని అరుస్తున్నాడు. పరిగెత్తబోయినవాళ్ళని "నడవండి, నడవండి" అని ఆపుతున్నాడు. తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీడం లేదు. అది కోచ్ ప్యాంటు జేబులో ఉంది, నేలకి కింద.

చెమటకి మణికట్టు జారింది. కెప్టెన్ రెండో చెయ్యి కూడా చాపి పట్టుకుంది. చాపేసరికి ఆమె ఛాతీ కింద చెక్క ఒక వేలెడు కిందకి దిగి ఆగింది.

"ఎవరూ కదలకండి" అంది నిచ్చెన.

ఎవరూ కదల్లేదు. అంతమంది ఉన్న హాలులో కింద బెంచీ మీద నీటిచుక్కలు పడటం వినబడుతోంది.